దబ్బాకు వేసిన జగ్గు

పుదీనాని రోట్లో వేసి నూరకూడదని సూర్యావతికి ఎవరూ చెప్పలేదు. చేతికే తెలిసింది. నూరితే చేదెక్కుతుంది. ఆకులు దూసి, మీద పంచదార చల్లి, పప్పుగుత్తితో నెమ్మదిగా అదిమి వదిలేస్తే వాసన బయటికొస్తుంది, చేదు ఆకులోనే ఉండిపోతుంది.

అన్నగారు రామభద్రరాజు మేడమీద వంటింట్లో నిలబడి ఆమె ఆ పనే చేస్తోంది. తెల్లారగట్ల మొగల్తూరు అవతలి చెరువు పట్టుబడి అయింది. రొయ్య మంచి సైజు పడింది. పట్టుబడి అయిన సాయంత్రం మగవాళ్లు మేడమీద కూర్చోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే. ఈసారి హైదరాబాదు నుంచి వదిన శ్రీసత్య తమ్ముడు ఆదిత్య వచ్చి ఉన్నాడు. అతను వచ్చిన దగ్గర్నుంచి బ్రాందీ పాతబడిపోయిందని, ఎండాకాలానికి కాక్‌టెయిలే తాగాలని ఒకటే గోల.

"నిమ్మరసం, బత్తాయి రసం, పుదీనా, సోడా వదినగారూ. ఆఖర్న వోడ్కా. అంతేనండి," అన్నాడు గుమ్మంలో నిలబడి ఫోన్ చూపిస్తూ.

"ఆఖరుదాన్తో నాకు పని లేదు బాబూ. ముందువి చెప్పు," అంది సూర్యావతి.

పాలకొల్లు నుంచి తెచ్చిన నిమ్మకాయల్ని గట్టుమీద అరచేత్తో దొర్లించి మెత్తబరిచింది. అడ్డంగా కోసి, గింజలు తీసి పిండింది. తొక్క దాకా పిండలేదు. బత్తాయిలు వలిచి తెల్లపొర తీసేసి రసం తీసింది. పంచదార పాకం కాచి చల్లార్చింది. రొయ్యలకి దింపిన ఐసు కింద గుట్టలుగా ఉంది, అది ముట్టుకోలేదు. ఫ్రిజ్‌లోది తీసి తువ్వాల్లో మూటకట్టి రోకలిబండతో చితక్కొట్టింది. అన్నీ కలిపి రెండు గాజు జగ్గుల్లోకి సమానంగా పంచింది.

రెండు జగ్గులెందుకో ఇంట్లో అందరికీ తెలుసు. రెండోది పల్లంరాజుకి.

పల్లంరాజు ఆమె భర్త. బావమరిది చెరువులన్నీ అతనే చూసుకుంటాడు. పోయిన దసరా ముందు నోట్లోంచి నెత్తురు పడితే కాకినాడ తీసుకెళ్లారు. బతికి బయటపడ్డాక డాక్టరు సూర్యావతిని విడిగా పిలిచాడు. "ఇంకోసారి తాగితే నా దగ్గరికి తీసుకురాకండమ్మా. నేను చేసేదేం ఉండదు," అన్నాడు. బస్సులో వస్తూ ఆ మాట భర్తకి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను కిటికీలోంచి చూస్తూ, "సరేలే, మానేస్తా" అన్నాడు. మానేశాడు.

మనిషి మానేశాడు గానీ చెయ్యి మానలేదు. దీపాలవేళ అయ్యేసరికి ఆ చెయ్యి కుర్చీ చేతిమీద ఏదో వెతుక్కుంటుంది. సూర్యావతి అది కనిపెట్టింది. సరిగ్గా ఆ వేళకి చెంబుడు మజ్జిగ తెచ్చి ఆ చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. ఉప్పు, దంచిన అల్లం, పెరట్లో చెట్టునుంచి కోసి నలిపిన దబ్బాకు ఒకటి. అతను తాగి, చెంబు తిరిగి ఇస్తాడు. ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. వానలొచ్చినా, జొరమొచ్చినా తప్పలేదు. ఆ ఆకు మీద ఆమెకి ఒక నమ్మకం కుదిరింది.

అందుకే కొంగున ముడేసి తెచ్చిన దబ్బాకుని ఇప్పుడు విప్పి, రెండుగా మడిచి నలిపి, కుడివైపు జగ్గులో వేసింది. ఆకు ఐసుమీద ఆకుపచ్చగా తేలింది.

భద్రరాజు సీసా పట్టుకుని లోపలికొచ్చాడు. పెద్ద పొట్ట, పెద్ద నవ్వు. "మాది ఏదమ్మా?"

"ఆకు లేనిది అన్నయ్యా."

ఎడమవైపు జగ్గులో పోశాడు. ఎంత పోశాడో చూసి, సూర్యావతి రెండోదాంట్లో అంత సోడా పోసి మట్టం సరిచేసింది.

"ఏం చెల్లెమ్మా, బావగారికి గుర్తు కూడా పెట్టావా? పశువులకి ముద్రేసినట్టు!"

"గుర్తు ఉండాలిగా మరి."

"ఆయన మానేసిన దగ్గర్నుంచి మేడమీద కూర్చుంటే గుళ్లో కూర్చున్నట్టుందమ్మా. మేం తాగుతుంటే ఎదురుగా కూర్చుని దేవుడిలా చూస్తాడు. గొంతు దిగదు."

"దిగకపోతే మీరూ మానెయ్యండి."

భద్రరాజు గట్టిగా నవ్వాడు. కింద నుంచి శ్రీసత్య కేకేసింది, రొయ్యల వేపుడు అయింది, పళ్లెం పట్టుకెళ్లమని. సూర్యావతి చేతులు కడుక్కుని దిగింది. వేపుడు, జీడిపప్పు, కోసిన ఉల్లిపాయలు సర్దుకుని మళ్లీ ఎక్కి వచ్చేసరికి వంటింట్లో ఎవరూ లేరు. జగ్గులు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. వాటి మధ్య గట్టుమీద మాత్రం నాలుగు తడి చుక్కలు పడి ఉన్నాయి. గుడ్డతో తుడిచేసింది.

మగవాళ్లు వరండాలో కూర్చున్నారు. అవతల చెరువుల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. పొద్దు వాలినా గాలి ఇంకా వేడిగానే ఉంది. పల్లంరాజు తెల్ల బనీను మీద తువ్వాలు వేసుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు. తెల్లారగట్ల నుంచి నీళ్లలో నిలబడ్డ కాళ్లు పాలిపోయి ముడతలు పడ్డాయి. చెయ్యి కుర్చీ చేతిమీద వెతుక్కుంటోంది.

ఆకు లేని జగ్గులోంచి అన్నకీ ఆదిత్యకీ పోసింది. ఆకున్న జగ్గులోంచి గ్లాసు నింపి, తన చేత్తో తీసుకెళ్లి భర్త చేతిలో పెట్టింది.

"మజ్జిగ కాదివాళ," అంది. "చల్లగా ఉంటుంది, తాగండి."

అతను గ్లాసెత్తి ఒక గుక్క తీసుకున్నాడు. గొంతుమీది ముడి పైకి లేచి అక్కడే ఆగింది.

సూర్యావతి చూసింది. ఎవరైనా చూడొచ్చు గానీ, ఆ గొంతు ఎప్పుడు ఎలా కదులుతుందో తెలిసింది ఆమెకే. ఆగింది. రెప్పవాల్చేంత సేపు ఆగింది. తర్వాత దిగింది. ఆ వెనకే గ్లాసంతా నెమ్మదిగా, మధ్యలో దించకుండా తాగేశాడు.

"ఎలా ఉంది బావగారూ?" అన్నాడు భద్రరాజు ముందుకి వంగి.

"ఆయ్, బావుందండి."

"అంతేనా?"

"పుదీనా బాగా పట్టింది," అన్నాడు పల్లంరాజు. ఎవరివైపూ చూడలేదు.

ఆదిత్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భద్రరాజు తన గ్లాసు ఎత్తి గుక్క మింగాడు. సూర్యావతి అప్పుడు అన్నని చూసింది. ఎన్నేళ్లు తాగినా మొదటి గుక్కకి ఒక కన్ను మూసి మొహం చిట్లించడం అతనికి అలవాటు. ఇప్పుడు మొహం చిట్లలేదు. మంచినీళ్లు తాగినట్టు తాగి గ్లాసు పెట్టేశాడు.

గట్టుమీది తడి చుక్కలు ఆమెకి గుర్తొచ్చాయి. ఒక జగ్గులోంచి ఆకుని చెంచాతో ఎత్తి పక్కదాంట్లో వేస్తే పడే చుక్కలవి.

అరవాలని నోటిదాకా వచ్చింది. కానీ దానికంటే ముందు ఇంకో సంగతి గుర్తొచ్చి అడ్డం నిలబడింది. పెళ్లైన కొత్తలో మూడునిద్రలకి వచ్చినప్పుడు ఇదే అన్న గారెల్లో దూది పెట్టి బావకి వడ్డించాడు. అందరూ చుట్టూ చేరి, ఎప్పుడు ఊస్తాడా, ఎప్పుడు నవ్వుదామా అని చూశారు. పల్లంరాజు ఊయలేదు. దూదితో సహా నమిలి, మింగి, "ఇంకో రెండు వెయ్యండి" అన్నాడు. నవ్వడానికి వచ్చిన వాళ్ల మొహాలు మాడిపోయాయి. గుమ్మం చాటునుంచి చూసి ఆ రోజు సూర్యావతి మొగుణ్ణి చూసుకుని పొంగిపోయింది.

ఇదీ అంతే అయుండొచ్చు. ఊస్తే నవ్వుతారని మింగాడు. పౌరుషం. అంతే అయుండాలి.

తేల్చుకోవడానికి ఒకటే దారి కనిపించింది. ఖాళీ గ్లాసు తీసుకుని, ఈసారి ఆకు లేని జగ్గులోంచి నింపింది. ఏమీ అనకుండా తెచ్చి ఇచ్చింది. తీసుకుంటే చాలు. తాగితే చాలు. బావుందనక్కర్లేదు.

అన్న గుర్రుగా చూశాడు, ఆట పాడుచేస్తోందని.

పల్లంరాజు గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఈసారి గొంతు ఎక్కడా ఆగలేదు. నాలుకతో పెదవి తుడుచుకుని, గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇదొద్దు," అన్నాడు. "ఇందాకటిదే ఇయ్యి."

"రెండూ ఒకటేనండి. నేనే కలిపాను. ఆకొక్కటే తేడా."

"ఆకున్నదే ఇయ్యి."

భద్రరాజు ఇక ఆపుకోలేకపోయాడు. తొడమీద చరిచి, పొట్ట ఊగిపోయేలా నవ్వాడు. "చూశావుటోయ్ ఆదిత్యా! నాలుక మర్చిపోతుందంటావా? చెల్లెమ్మా, నీ ఆకు కాపలా కాసింది గానీ దొంగవైపు కాసింది! నీ చేత్తోనే తాగించాం కదే బావగార్ని!"

"మందా?" అన్నాడు పల్లంరాజు. కళ్లు పెద్దవి చేశాడు. "అయ్యో అయ్యో, ఎంత పని చేశారు బావగారూ! నాకసలు తెలియలేదండి. పుదీనా వాసనలో ఏం తెలుస్తుంది?"

"తెలియలేదుట!" భద్రరాజుకి నవ్వుతో కళ్లలో నీళ్లొచ్చాయి. "ఒక్క గుక్కకే ఊసేస్తారనుకున్నామండి. గ్లాసంతా లాగించేశారు!"

"వదినగారు కోప్పడతారేమో బావగారూ," అన్నాడు ఆదిత్య మెల్లగా. అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

"దాని మొహం! బావకి బావమరిది చేసేవి ఇవే కదరా. ఆ రోజు దూదితో ఓడిపోయాను. ఇన్నేళ్లకి గెలిచాను!"

సూర్యావతి అన్నవైపు తిరిగింది. "డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పానన్నయ్యా."

"డాక్టర్లు అలాగే అంటారమ్మా. ఒక్క గ్లాసుకి ఎవడూ పోడు. అడుగు, ఏమైనా అయిందేమో ఆయన్నే అడుగు."

అడగడానికి భర్తవైపు తిరిగింది. అతను చెయ్యి చూసుకుంటున్నాడు. కుర్చీ చేతిమీద ఆ చెయ్యి కదలకుండా ఉంది. ఇన్ని నెలల్లో ఆ వేళకి ఆ చెయ్యి అలా నెమ్మదించడం ఆమె చూడలేదు. మజ్జిగ చెంబు పట్టుకున్నప్పుడు కూడా అలా లేదు.

"అయిపోయిందేదో అయిపోయింది," అన్నాడు పల్లంరాజు. గొంతులో ఎంతో బాధ ఉన్నట్టే పెట్టాడు. "నా తప్పేం ఉంది ఇందులో? తెలియక తాగాను. ఎటూ పోయింది కదా, ఈ ఒక్క పూటకి కానీ. రేపట్నుంచి మళ్లీ మామూలే."

"అదీ మాటంటే!" అన్నాడు భద్రరాజు.

ఏడ్చి ఉంటే బావుండేదేమో. జగ్గు తీసి కింద కొట్టి ఉంటే, పడి ఉన్న గాజుముక్కల్ని చూసైనా ఎవరో ఒకరు మాట్లాడేవారు. సూర్యావతి ఆ రెండూ చెయ్యలేదు. ఆకున్న జగ్గు ఎత్తి భర్త కుర్చీ దగ్గరికి తీసుకెళ్లింది. వంగి, అతనికి దగ్గరగా నిలబడింది.

"ఏవండీ," అంది. "ఆకు ఉంచనా, తీసెయ్యనా?"

మిగతా ఇద్దరికీ అది జగ్గు గురించిన మాట. పల్లంరాజు తలెత్తాడు. ఆ సాయంత్రం అతను ఆమె మొహంలోకి చూడటం అదే మొదలు. చూపు ఎంతోసేపు నిలబెట్టలేదు.

"తీసెయ్యి," అన్నాడు. "గ్లాసులోకి అడ్డమొస్తుంది."

రెండు వేళ్లతో ఆకు తీసింది. నీళ్లు కారుతుండగా వరండా గోడమీంచి కిందికి వదిలేసింది. గ్లాసు అంచుదాకా పోసింది. ఒక్క చుక్క తొణకలేదు.

"మా చెల్లెలు బంగారమండీ," అన్నాడు భద్రరాజు. "ఏమ్మా, ఇంకోసారి కలిపి పట్రా. ఈసారి రెండెందుకు, ఒక్క జగ్గు చాలు."

"అలాగే అన్నయ్యా."

వంటింట్లోకి వెళ్లింది. మిగిలిన నిమ్మకాయలు కోసి పిండింది. తొక్క వంకర్లు పోయేదాకా, గింజలతో సహా పిండింది. పుదీనా కట్ట తీసుకుంది. పప్పుగుత్తి పక్కకి నెట్టి, కట్టని కాడలతో సహా రోట్లో వేసి నూరింది. నల్లబడి పేస్టు అయ్యేదాకా నూరింది. సోడా పోసి, ఐసు వేసి, సీసాలో మిగిలిందంతా వంపి, పట్టుకెళ్లి ముగ్గురికీ పోసింది.

భద్రరాజు ఒక కన్ను మూసి మొహం చిట్లించి తాగాడు.

పల్లంరాజు గ్లాసంతా దించకుండా తాగి, ఖాళీది ఆమె ముందుకి చాపాడు.

"బావుంది," అన్నాడు. "ఇదింకా బావుంది."