గుడ్డు జిగురు మీద పడ్డ నింద

కోళికోడ్ ఆసుపత్రిలో మెదడు కణితిని వెంట్రుక కంటే పల్చగా కోసి స్లైడు మీదికి ఎక్కించే పని ముప్పై ఏళ్లుగా రుఖియాదే. డాక్టర్లు మారారు, మైక్రోస్కోపులు మారాయి, ఆమె చెయ్యి మాత్రం మారలేదు. ముక్క స్లైడుకు అంటుకోవడానికి ప్రతి సోమవారం ఇంటి కోడిగుడ్డు పగలగొట్టి, తెల్లసొన వడగట్టి, గ్లిజరిన్ కలిపి తనే జిగురు చేస్తుంది. కొనుక్కొచ్చే జిగురంటే ఆమెకు భలే చులకన.

మెదడు కణితిలో బ్యాక్టీరియా ఉంటుందా అన్నది పీజీ డాక్టరు జిన్సీ పరిశోధన. ఆ వారం తొమ్మిది మంది కణితులకు బ్యాక్టీరియాను పట్టి చూపే రంగు వేశారు. తొమ్మిదింటిలోనూ కనబడ్డాయి! జిన్సీ ఎగిరి గంతేసింది. విభాగాధిపతి మేనోన్ మాత్రం స్లైడ్ల వంక చూడనైనా లేదు.

"మెదడులోకి బ్యాక్టీరియా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ గుడ్డు జిగురులో పెరిగుంటాయి. నీ వంటింటి వేషాలు ఇక్కడొద్దని ఎన్నిసార్లు చెప్పాను రుఖియా? జిన్సీ, 'టెక్నీషియన్ చేతి మురికి' అని రిజిస్టర్లో రాసి పారెయ్."

రుఖియాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లలో ఆ రిజిస్టర్లో ఆమె పేరు పక్కన ఒక్క మచ్చ పడలేదు.

"రాయకమ్మా," అంది జిన్సీతో. "రెండు రోజులాగండి సార్. తప్పు నాదని తేలితే నేనే రాసి సంతకం పెడతా."

ఆయన వెళ్లాక గుర్తొచ్చింది. గుడ్డు కుళ్లకుండా జిగురులో కర్పూరం వేయాలి. పోయిన సోమవారం డబ్బాలో కర్పూరం అయిపోయింది. తర్వాత వేద్దాంలే అనుకుని మరిచిపోయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అయినా, తనను అక్కా అన్నట్టు 'ఇత్తా' అని పిలిచే జిన్సీకి చెప్పేసింది.

"అయ్యో ఇత్తా! అయితే అంతా అయిపోయినట్టేగా?"

"అయిపోవడానికి ఇదేం పెళ్లి బిర్యానీయా? జిగురు లేకుండా కోద్దాం పద."

జిగురు లేని ముక్క రంగులో ముంచగానే ఊడిపోతుంది. అందుకే ముక్కలు అంటుకునేలా స్లైడ్లను వేడిచేసి, కొత్త బ్లేడుతో, కాచి చల్లార్చిన నీళ్లతో మళ్లీ మొదలుపెట్టింది. ఊడిపోయినవాటిని తిట్టుకుంటూ మళ్లీ కోసింది. ఉత్త జిగురు పూసిన స్లైడ్లకు కూడా రంగు వేయించింది. వాటి నిండా బ్యాక్టీరియాయే.

ఏడుగురి కణితుల్లో ఈసారి ఏమీ లేదు. ఇద్దరి కణితుల్లో మాత్రం ఉన్నాయి. జిగురులోవి ముక్క పైన తేలుతుంటాయి, కణం స్పష్టంగా కనబడేలా మైక్రోస్కోపు మర తిప్పితే అవి మసకబారతాయి. ఈ ఇద్దరిలోవి కణాల లోపలే ఉన్నాయి, కణంతో పాటే స్పష్టంగా కనబడుతున్నాయి.

మేనోన్ వచ్చేసరికి రుఖియా రిజిస్టరు తెరిచి కూర్చుంది.

"జిగురులో కర్పూరం వేయలేదు సార్. తప్పు నాదే. రాసి సంతకం పెట్టాను. ఏడు పోయాయి."

"నేను చెప్పలా?"

"రెండు మిగిలాయి. వీటికి జిగురే లేదు. చూడండి."

"ఉంటే మాత్రం? బ్యాక్టీరియా వల్లే కణితి వచ్చిందంటావా?"

"నేనెందుకంటాను? ఇవి దూరాక కణితి వచ్చిందో, కణితి వచ్చాక ఇవి దూరాయో మీ చదువులు తేల్చాలి. ఉన్నాయంటున్నా, అంతే. ఉన్నదాన్ని లేదని రాయమంటే నావల్ల కాదు."

మేనోన్ ముఖం ఎర్రబడింది.

"రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్లుంది, గుర్తుందా?"

"ఉంది సార్. మూడేళ్లూ రోజూ ఇదే స్లైడు తెచ్చి మీ బల్ల మీద పెడతా."

ఆయన గొణుక్కుంటూ కళ్లద్దాలు తీసి మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు. మర అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెండో స్లైడు పెట్టమన్నాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"వచ్చే నెల యాభై మందివి కోయాలి," అన్నాడు చివరికి, ఎవరి ముఖమూ చూడకుండా. "జిన్సీ, ఈ రెండింటి సంగతి రాసుకో."

రుఖియా రిజిస్టరు జిన్సీకి ఇవ్వలేదు. ఆయన ముందుకే జరిపి పైన కలం పెట్టింది.

"నా తప్పు నా చేత్తో రాశాను సార్. మీరు చూసింది మీ చేత్తో రాయండి."

ఆయన రాసేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.