ఏ విమానానికీ కుదరని మూత

నాది పుర్రచెయ్యి. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎలాగూ అందరి కళ్ళూ చివరికి దానిమీదే పడతాయి. భోజనాల బల్ల దగ్గర నా మోచెయ్యి పక్కవాళ్ళకు తగులుతోందని చిన్నప్పటినుంచీ నన్ను మూల కుర్చీలోకి తోసేవారు. పెళ్ళి కాలేదు, అమ్మ పోయింది. ఇప్పుడు బల్లంతా నాదే అయినా ఆ మూలనే కూర్చుంటాను.

ఉద్యోగం మ్యూజియం నేలమాళిగలో. పాత ఫిల్ములు తుడుస్తాను, తెగినవి అతికిస్తాను. అక్కడికి నరమానవుడు రాడు. వచ్చినా మందుల కంపుకి ముక్కు మూసుకుని, వచ్చిన దారినే పోతాడు.

ఆ మధ్య యుద్ధకాలం నాటి రీలొకటి వచ్చింది. డబ్బా మీద నది పేరు తప్ప వివరం లేదు. శబ్దం లేదు, బొమ్మలో వెతికినా ఒక్క అక్షరం కనిపించదు. నది ఒడ్డున కూలిపోయిన విమానం ముక్కల్ని సిపాయిలు ఏరుతుంటారు. అన్నీ కాలి బొగ్గయ్యాయి. చేటలా వంగిన రేకు మూత ఒక్కటే కాస్త రూపుతో మిగిలింది, దాని అంచున కొమ్ములాంటి గొట్టం. అది ఏ విమానానిదో తేల్చి చెప్పమని ఒక పెద్దావిడ మ్యూజియాన్ని అడిగింది. ఆమె అన్నయ్య ఆ యుద్ధంలో విమానం నడుపుతూ వెళ్ళి తిరిగి రాలేదు. ఎక్కడ పడ్డాడో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

"ఆ నది ఒడ్డునే పడ్డాడని తెలిస్తే చాలు నాయనా. ఒక్కసారి అక్కడ నిలబడి వస్తాను. ఇంకెంతకాలం ఉంటాను గనక," అంది ఫోన్లో.

విమానాల మెకానిక్‌గా చేసి రిటైరైన బోల్టు బాబాయ్‌ని పిలిపించాం. కళ్ళజోడు తుడుచుకుని తెరమీద ఆ మూతని చూశాడు, పెదవి విరిచాడు.

"కొంచెంలో తప్పిందిరా. ఆవిడ అన్నగారు నడిపిన రకానికి ఇంజను మీద అచ్చం ఇలాంటి మూతే ఉంటుంది. ఆ రకంలో ఆ చుట్టుపక్కల తప్పిపోయింది కూడా ఆయనదొక్కటే. కానీ దాని గొట్టం కుడివైపుకి తిరిగి ఉంటుంది. ఇదేమో ఎడమకి తిరిగింది. ఇలాంటిది నేను ఏ విమానానికీ చూడలేదు."

"ఎవరో పుర్రచేతివాడు చేసుంటాడు బాబాయ్," అన్నాను.

"నీ మొహం," అని నవ్వి వెళ్ళిపోయాడు.

అసలు సంగతేమిటంటే, నా ధ్యాస ఆ మూత మీద లేదు. సిపాయిల మీద ఉంది. సుత్తి కొట్టేవాడు ఎడమచేత్తో, చెమట తుడుచుకునేవాడు ఎడమచేత్తో, రొట్టె తుంచుకునేవాడు ఎడమచేత్తో! నా జన్మలో అంతమంది నాలాంటివాళ్ళని ఒక్కచోట చూడలేదు. మధ్యాహ్నం అక్కడా మూల కుర్చీలోనే టిఫిన్ డబ్బా విప్పి, ఆ రీలు పెట్టుకుని, వాళ్ళతోపాటు తినేవాణ్ణి. నవ్వుకుంటే నవ్వుకోండి, అంత సంతోషంగా నేనెప్పుడూ భోజనం చెయ్యలేదు.

ఒకే ఒక్కడు కుడిచేతివాడు. వంకర టోపీ పెట్టుకుని, అందరికీ దూరంగా కూర్చుని తినేవాడు. "అందరిదీ ఒక దారి, నీదొక దారి. వాళ్ళలా ఉంటే నీ సొమ్మేం పోయిందిరా?" అని వాణ్ణి ఆటపట్టించేవాణ్ణి.

రీలు చివర తడికి అంటుకుపోయి ఉంది. మందు పట్టించి, మెల్లగా విడదీసి చూశాను. పని ముగిశాక సిపాయిలు వరుసగా నిలబడి ఆ ముక్కలకు సెల్యూట్ కొట్టారు. అందరూ ఎడమచేత్తోనే. వంకర టోపీ కూడా.

రీలు ఆపేశాను. ఎంత పుర్రచేతివాడినైనా సెల్యూట్ మాత్రం ఎడమచేత్తో కొట్టనివ్వరు. బడిలో డ్రిల్లు మాస్టారు నా ఎడమచేతిని వెనక్కి కట్టి మరీ నేర్పిన పాఠం అది. కాపీ తీసినవాడెవడో ఫిల్మును తిరగేసి తీశాడు. కుడి ఎడమైపోయింది, అంతే. ఆ గొట్టం తిరిగింది కుడికే.

చెప్పకుండా ఊరుకుంటే? రీలు మళ్ళీ డబ్బాలోకి పోతుంది, మధ్యాహ్నాలు నాకు మిగులుతాయి. కాసేపు నిజంగానే అలా అనుకుంటూ కూర్చున్నాను. కానీ పెద్దావిడ గొంతు చెవుల్లోంచి పోలేదు. లేచి ఫిల్మును తిప్పి ఎక్కించి, బాబాయ్‌కి కబురు పెట్టాను.

ఆయన ఒక్క చూపు చూసి కళ్ళజోడు తీసేశాడు. "ఇదేరా," అన్నాడు మెల్లగా. "ఇదే."

పెద్దావిడకు ఫోన్ చేసి చెప్పాను. "అక్కడ నీడ ఉందా నాయనా?" అని అడిగింది.

"ఉందమ్మా. ఒడ్డంతా పెద్ద పెద్ద చెట్లు."

"అన్నయ్య ఎండకి ఓర్చుకోలేడు," అంది.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పాను. రీలు పెట్టడానికి మనసొప్పలేదు, పెట్టకపోతే ముద్ద దిగలేదు. చివరికి పెట్టాను. సుత్తి కుడిచేతిలో, రొట్టె కుడిచేతిలో. వీళ్ళూ అందరిలాంటివాళ్ళే. ఏడుపొచ్చింది.

అప్పుడు వంకర టోపీ వచ్చాడు. అందరికీ దూరంగా కూర్చుని, ఎడమచేత్తో రొట్టె తుంచుకున్నాడు. జన్మంతా నేను పడ్డ మాటలే ఇన్నాళ్ళూ వాణ్ణి అన్నాను.

"తప్పయిపోయింది అన్నా," అన్నాను పైకే. కుర్చీని మూలనుంచి లాక్కొచ్చి తెర పక్కన వేసుకున్నాను. మా ఇద్దరి మోచేతులూ తగలవు.