పట్టా కప్పిన కట్టెలు

జూన్ పన్నెండు, గురువారం; భూమికి ఆ దక్షిణపు కొసన నడి చలికాలం. ఆ తేదీ బల్దొమేరోకి గుర్తుండిపోవడానికి కారణం ఆ మధ్యాహ్నపు భోజనం. గుమ్మడికాయ ముక్కలూ సేమ్యా వేసి వండుకున్న చిక్కుడు గింజల పులుసు మొత్తం పొగ కంపు కొట్టింది. నాలుగు చెంచాలు తిని గిన్నె పక్కకు నెట్టేశాడు. ఎదురుగా ఇనుప పొయ్యిలో కట్టె మండడం లేదు, ఏడుస్తోంది. దాని కొసన నురగ పొంగి సుయ్యిమంటూ కారుతోంది. పొయ్యి తలుపుకున్న అద్దం మసిబారిపోయింది. గొట్టంలోంచి పైకి పోవలసిన పొగలో సగం ఇంట్లోకే తిరిగొస్తోంది.

సాయంత్రం ఆరింటికి అక్క ఎదెల్మిరా ఆస్పత్రి నుంచి వస్తోంది. న్యుమోనియాతో పద్దెనిమిది రోజులు వాల్దీవియా పట్నంలో ఉంది. డాక్టరమ్మ ఫోనులో రెండే మాటలు చెప్పింది: ఇల్లు వెచ్చగా ఉండాలి, పొగ తగలకూడదు. మళ్లీ దగ్గు మొదలైతే వెంటనే వెనక్కి తీసుకురమ్మంది. ఆ రెండు మాటలకీ కావలసింది ఎండిన కట్టె. కరెంటు హీటరు పెడదామంటే ఆ పాత చెక్క ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోతుంది.

"పది ఘనమీటర్ల కట్టెలు కొన్నాను. జనవరి ఎండల్లోనే కొన్నాను" అన్నాడు, ఎవరూ లేని వంటింట్లో పైకే. భార్య ఉన్నన్నాళ్లూ కట్టెల సంగతి ఆవిడే చూసుకునేది. ఆవిడ పోయాక ఇది రెండో చలికాలం. ముప్పై రెండేళ్లు పిల్లలకు రేఖాగణితం చెప్పినవాడు కట్టెల దగ్గర మోసపోయాడంటే ఊరు నవ్వదా? కోటు తగిలించుకుని వానలో బయలుదేరాడు.

కట్టెలమ్మే రోసమెల్ వీధి చివర తన రేకుల పాకలో రంపానికి పదును పెడుతున్నాడు.

"రండి మాస్టారూ. ఇంత వానలో గొడుగైనా లేకుండా..."

"గొడుగు సంగతి తర్వాత. నువ్వు నాకమ్మింది కట్టెలా, కాయగూరలా? నీళ్లు కారుతున్నాయి!"

రోసమెల్ రంపం కింద పెట్టాడు. "జనవరిలో మీ గుమ్మం ముందే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూపించానా, లేదా?"

"చూపించావు."

"ఎలా మోగాయి?"

బల్దొమేరోకి అబద్ధం నోటికి రాలేదు. "బాగానే మోగాయి."

"మరి? ఎండింది ఖంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. మా అమ్మాయికి నాలుగో ఏటే తెలుసు ఈ ముక్క."

"పైన నాలుగు ఎండినవి పెట్టి కింద పచ్చివి తోసేసుంటావు. అందరూ చేసేదేగా!"

రోసమెల్ మొహం ఎర్రబడింది. "ఆ అందరిలో నన్ను కలపకండి. పదండి, చూద్దాం. నా తప్పయితే మొత్తం వెనక్కి తీసుకుంటా. మీ తప్పయితే నోరెత్తకుండా నేను చెప్పింది చెయ్యాలి."

తలుపు సరిగా పడని రోసమెల్ డొక్కు ట్రక్కులో ఇద్దరూ వచ్చారు. ఇంటి వెనక గోడవారన, ఉత్త నేల మీద, కట్టెలు స్కేలు పెట్టి గీసినట్టు సందు లేకుండా పేర్చి ఉన్నాయి. చుట్టూ నల్లటి ప్లాస్టిక్ పట్టా మూడు చుట్లు. దాని మీద తాడు. అడుగున రాళ్లు.

రోసమెల్ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "ఈ పార్సెలు ఎక్కడికి పంపిస్తున్నారు మాస్టారూ?"

"వెటకారం వద్దు. తెచ్చిన రోజే కట్టాను. ఒక్క చినుకు పడనివ్వలేదు."

రోసమెల్ తాడు కోసి పట్టా ఎత్తాడు. దాని లోపలివైపంతా నీటి బొట్లు. కట్టెల మీద తెల్లటి బూజు. పుట్టగొడుగుల వాసన గుప్పుమంది.

"చినుకు పడలేదు నిజమే. నేలలో చెమ్మంతా పైకి ఎక్కింది, పోయే దారి లేక లోపలే ఉండిపోయింది. మార్చిలో ఎండలు పోయేదాకా గాలి తగలనివ్వండి అని నేను చెప్పలేదూ?"

"గట్టిగా చెప్పొద్దూ!"

"చెబుతుంటే 'తెలుసు, తెలుసు' అన్నారు. మాస్టారితో వాదిస్తామా?"

నిజమే, అలాగే అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. తరగతిలో ఏమీ అర్థంకాని పిల్లలు తల ఊపినట్టే ఆ రోజు తనూ ఊపాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కట్టెల్ని తన్నాడు. బొటనవేలు జివ్వుమంది.

"పోనీ, ఎండినవి ఒక్క మీటరు అమ్ము. ఎంతైనా సరే."

"జూన్‌లోనా? ఏప్రిల్‌కే అయిపోయాయి. ఇప్పుడు ఎండినవని ఎవడైనా అమ్మడానికొచ్చాడంటే, మీరు నన్ను అనుకున్న దొంగ వాడే."

"అక్క ఆరింటికి వస్తోంది. ఊపిరితిత్తులు..." బల్దొమేరో ఇంటి పొగగొట్టం వైపు చెయ్యి చూపించాడు. "పొగ తగలకూడదన్నారు."

"ఎదెల్మిరమ్మా? ముందు అది చెప్పకుండా కాయగూరలంటారేంటి!" అని విసుక్కుని రోసమెల్ ట్రక్కెక్కి వెళ్లిపోయాడు.

ఇరవై నిమిషాల్లో మళ్లీ వచ్చాడు. ట్రక్కు వెనక సగం వరకు సన్నగా చీల్చిన కట్టెలు, ఉల్మో అనే గట్టి చెట్టువి.

"మా వంటింటివి. రెండేళ్లు ఎండాయి. మా ఆవిడ తిట్టింది, అది నా బాధ. ఇవి అమ్మకానికి కాదు. వచ్చే జనవరిలో మా కట్టెలు మీరొచ్చి పేర్చాలి, నేను చెప్పినట్టు. ఒక్క గదికే సరిపోతాయి. ఇల్లంతా కాగాలంటే శనివారానికి బూడిదే."

పొగ పోవడానికి కిటికీలన్నీ తెరిస్తే ఉన్న కాస్త వేడీ పోయింది. బల్దొమేరో తనను తాను తిట్టుకుంటూ అక్క మంచాన్ని పొయ్యి ఉన్న గదిలోకి ఈడ్చాడు. బయట రోసమెల్ వదల్లేదు. చూరు కింద చెక్క పలకలు వేయించి, తడి కట్టెల్ని వాటి మీదికి మార్పించాడు.

"అలా కాదు. మధ్యలో వేళ్లు దూరాలి."

"నువ్వేం నా మాస్టారివి కావు."

"ఈ పూటకి నేనే. ఆ కట్టె తిప్పి పెట్టండి."

ఆరు దాటి పది నిమిషాలకి ఆస్పత్రి వ్యాను ఆగింది. ఎదెల్మిరా సగమైపోయింది. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది.

"ఏం మాడ్చావురా?"

"చిక్కుడు గింజలు."

"అబద్ధాలు మొదలుపెట్టడానికి ఇదా నీ వయసు!"

ఆమె పొయ్యి దగ్గర కూర్చుని చేతులు చాపింది. లోపల ఉల్మో చప్పుడు లేకుండా పసుపు మంటతో మండుతోంది. కోడి రసంలో రొట్టె ముంచుకుని రెండు ముక్కలు తింది. ఎనిమిదికల్లా కళ్లు మూతలు పడ్డాయి.

బల్దొమేరో కుర్చీలో కూర్చుని ఆమె ఊపిరి వింటున్నాడు. ఒకసారి గొంతులో ఏదో గరగరలాడింది. సగం లేచాడు. గురక. ఈ గురకకే చిన్నప్పుడు అక్కతో పోట్లాడేవాడు. ఇప్పుడది విని మెల్లగా కూర్చున్నాడు. ఇంకో అరగంట చూశాడు. దగ్గు రాలేదు.

రెండు కట్టెలు వేసి, పొయ్యికి గాలి తగ్గించాడు. తన గది అవతల చీకట్లో చల్లగా, పొగ వాసనతో ఉంది. ఇంకో కంబళి భుజాన వేసుకుని అటు వెళ్లి, వేడంతా అక్క వైపే ఉండేట్టు మధ్య తలుపు చప్పుడు కాకుండా మూశాడు.