తప్పు చెప్పిన ఆదివారం

మురళీకృష్ణ తన కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఆటో వెనక సీట్లో పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి కొత్తగూడెం తెచ్చాడు. బస్టాండు వెనక సందులో వనజ రిపేరు కొట్టు ముందు ఆటో ఆగింది. ఆయన దిగడం చూసి కూడా వనజ కుర్చీలోంచి లేవలేదు. రెండేళ్లుగా ఈ రోజు కోసమే ఆమె కాచుకుని ఉంది. ఆయన ఎదురుపడితే ఏమేం అనాలో అన్నం తింటూ, బట్టలుతుకుతూ వందసార్లు అనుకుంది. తీరా మనిషి ఎదురుగా నిలబడ్డాక "కూర్చోండి సార్" అంది. అలవాటు అంత పాడుది.

"బాగున్నావా వనజా?"

"మెషీనుకు ఏమైందో చెప్పుండ్రి."

"నిన్న బయాస్ అప్‌డేట్ చేశాను. కొత్తగా కొన్న పెద్ద డిస్కును అది గుర్తుపట్టడం లేదని. సగంలో ఉండగా కరెంటు పోయింది. అప్పట్నుంచి ఫ్యాన్ తిరుగుతోంది గానీ స్క్రీన్ మీద ఒక్క అక్షరం రావడం లేదు."

కంప్యూటర్ కళ్లు తెరవగానే తనెవరో, తనకు ఏమేం తగిలించి ఉన్నాయో చదువుకునే మొదటి పాఠం ఒక చిన్న చిప్పులో ఉంటుంది. దాన్నే బయాస్ అంటారు. పాత పాఠం చెరిపి కొత్తది రాస్తున్న ఆ ఒకటి రెండు నిమిషాల్లో కరెంటు పోయిందంటే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. మెషీను ప్రాణముండీ శవంలా పడి ఉంటుంది.

"కరెంటు కోత వేళ చూసుకోలేదా సార్?"

"చూశాను. రెండింటికి కదా అనుకున్నాను."

కోత వేళలు పదిహేను రోజులకోసారి మారతాయని ఆ మండలంలో మిరప తోటకు నీళ్లు పెట్టే ప్రతివాడికీ తెలుసు. సారు తన కంప్యూటర్ శిక్షణ సెంటర్ గోడకు అంటించిన కాగితం పోయిన పక్షానిది.

"మరి యూపీఎస్?"

మురళీకృష్ణ కాస్త నసిగాడు. "ఇంట్లో ఉంది. మా ఆవిడ ప్రసూనకు సీరియల్ మధ్యలో ఆగిపోతోందని టీవీకి తగిలించాం."

వనజకు నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చింది. పెదవి దాటనివ్వలేదు.

మంగళవారం తనిఖీ వాళ్లు వస్తున్నారట. మూడేళ్లుగా సెంటర్లో నేర్చుకున్న పిల్లల హాజరు, మార్కులు అన్నీ ఆ ఒక్క మెషీనులోనే ఉన్నాయట. చూపించకపోతే సెంటర్ గుర్తింపు పోతుంది. ఖమ్మంలో చూపిస్తే, అంతా పోయింది, కొత్త మెషీను కొనుక్కో అన్నారట.

నిజానికి ఏమీ పోలేదు. హాజరూ మార్కులూ పాత డిస్కులో నిక్షేపంగా ఉన్నాయి. డిస్కు విప్పి పక్క మెషీనుకు తగిలిస్తే పావుగంటలో బయటపడతాయి. ఖమ్మం వాడికి కొత్త మెషీను అమ్ముకోవాలని ఉంది కనుక ఆ మాట చెప్పలేదు. వనజకు అంతకంటే పెద్ద కారణం ఉంది కనుక ఆమె కూడా చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ కారణం ఇది. రెండేళ్ల కింద ఆమె మురళీకృష్ణ సెంటర్లోనే పనిచేసేది. వాగు అవతలి గూడెం నుంచి చదువుకుని వచ్చిన మొదటి కోయ పిల్ల. పొద్దున పాఠాలు చెప్పేది, మధ్యాహ్నం రిపేర్లు చేసేది. బాగు చేయమని జనం తెచ్చిన మెషీన్లలోంచి మెమరీ కార్డులు ఒక్కొక్కటే మాయం కావడం మొదలైంది. సారు అడగలేదు, వెతకలేదు, నిందితురాలిని నిలబెట్టి మాట్లాడనూ లేదు. నేరుగా మోటారు సైకిలేసుకుని గూడెం పోయి, "మీ పిల్ల చేతివాటం చూపించింది" అని ఊరి పెద్ద దూలయ్యకు చెప్పి వచ్చాడు.

గూడెంలో దొంగతనం బయటపడితే పోలీసు దాకా పోదు. తప్పు కట్టాలి. ఆ ఇంటి యజమాని చెప్పులు విడిచి, ఊరు కూర్చున్న చోట నిలబడి, తప్పు ఇదీ అని తన నోటితో చెప్పాలి. తర్వాత ఊరికి ఒక పూట అన్నం పెట్టాలి. ఆ పూటతో తప్పు తీరిపోయినట్టు. వనజ తండ్రి బొజ్జయ్య ముప్పై ఏళ్లు మురళీకృష్ణ తండ్రి పిచ్చయ్య పొలంలో పనిచేసిన మనిషి. ఆ ఇంటి మాట ఆయనకు వేదం. వనజ సాయంత్రం బస్సు దిగి గూడెం చేరేసరికి తండ్రి నిలబడి చెబుతున్నాడు. "నా బిడ్డ దొంగతనం చేసింది." ఎద్దును అమ్మి ఊరికి అన్నం పెట్టాడు. బిడ్డను మాత్రం ఒక్క మాట అడగలేదు.

తెల్లారి వనజ కొత్తగూడెం బస్సెక్కింది. మళ్లీ గూడెంలో అడుగు పెట్టలేదు. ఆరునెలలు తిరిగాక, సామాన్ల కోసం ఖమ్మం పోతే అక్కడి దుకాణదారు మాటల్లో అన్నాడు. "మీ సారు బావమరిది బంజేసిండా? ఇదివరకు మెమరీలు మస్తు తెచ్చేటోడు." అసలు దొంగ, సారు భార్య ప్రసూన తమ్ముడు. మురళీకృష్ణకు అప్పటికే తెలుసు. కుర్రాణ్ణి గప్‌చుప్‌గా ఎర్రుపాలెం పంపించేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు. గూడెం పోవడానికి తెలిసిన దారి, తిరిగి పోయి మాట సరిచేయడానికి తెలియలేదు పెద్దమనిషికి.

అలాంటి మనిషి ఇప్పుడు కాళ్ల బేరానికి వచ్చి కూర్చున్నాడు.

"అవుతుందా వనజా? ఎంతైనా సరే ఇస్తాను."

"అయితది. పైసలొద్దు. ఆదివారం మెషీన్ మా గూడెం తీస్కరాండ్రి. సెంటర్ల దీని జోడు మెషీన్ ఉన్నది కదా, గదీ కావాలె. టీవీ కింది యూపీఎస్ గూడ తెండ్రి. బడి అరుగు మీద చేస్త."

"గూడెంలోనా? ఎందుకు?"

"మీ బావమరిది సంగతి నాకు తెలుసు సార్. ఊరి ముందర తప్పు చెప్పాలె మీరు."

మురళీకృష్ణ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆటోలో ఉన్న మెషీను వంక చూసి తలాడించాడు. ఏదో గొణిగి బయటపడొచ్చని లెక్కేసుకున్నాడని ఆ ఊపులోనే తెలిసింది వనజకు.

ఆదివారం పది గంటలకు బడి అరుగు మీద రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టింది. ఒకటి చచ్చింది, ఒకటి బతికుంది. రెండూ ఒకే రోజు, ఒకే కంపెనీ నుంచి కొన్నవి. ముందు దూలయ్య, పక్కన పెద్దలు, వెనక ఆడవాళ్లు కూర్చున్నారు. ఆ ఆడవాళ్లలో చివరన, వనజ అవ్వ అని పిలిచే తల్లి ఆదెమ్మ ఉంది. తండ్రి మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, తల వంచుకుని పుల్లతో నేల గీస్తున్నాడు. రెండేళ్ల తర్వాత బిడ్డ వచ్చినా "వచ్చినవా" అనలేదు. వనజకు కోపం సారు కంటే ఆయన మీదే ఎక్కువ రగిలింది. ఆ సంగతి ఆమె ఆ క్షణం దాకా తనకు తానే ఒప్పుకోలేదు.

పని మొదలుపెట్టింది. బతికిన మెషీను బయాస్ చిప్పును గుంటలోంచి పైకి లాగి, దాని కింద నుంచి దారం పోనిచ్చి, మళ్లీ వదులుగా కూర్చోబెట్టింది. మెషీను ఆన్ చేసి, కొత్త పాఠం ఉన్న ఫ్లాపీ నుంచి లేపింది. అది లేచి నిలబడ్డాక దానికి ఆ చిప్పుతో పనిలేదు. కరెంటు పారుతుండగానే దారం పట్టి చిప్పును మెల్లగా ఎత్తేసి, ఆ గుంటలో చచ్చిన మెషీను నుంచి తీసిన చిప్పును పెట్టాలి. చెయ్యి వణికి, సూదుల్లాంటి చిప్పు కాళ్లు పక్కకు తగిలితే రెండు మెషీన్లూ పోతాయి. వనజ చెయ్యి వణకలేదు. రెండేళ్లుగా కోపం తప్ప ఆమె చేతులకు వేరే తోడు లేదు, అది చాలా నిలకడైన తోడు.

చిప్పు కూర్చుంది. స్క్రీన్ మీద ప్రశ్న వచ్చింది. కొత్తగా రాయమంటావా, వద్దా? వై నొక్కితే రాస్తుంది.

వనజ కీబోర్డు మీంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్."

"ముందు అది కానీ..."

"మీరు చెప్పినంకనే."

సరిగ్గా అప్పుడే, ఈ పక్షం కోత వేళకు, కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. సారు చేతి గడియారం చూసుకున్నాడు.

"ఎంతసేపు నడుస్తుంది వనజా ఇది?"

"కొత్తగున్నప్పుడు పదిహేను నిమిషాలు నడిచేది. సీరియల్లు చూసి చూసి అరిగిపోయింది కదా, ఎంతనో మీకే తెల్వాలె."

మురళీకృష్ణ లేచాడు. దూలయ్య ఆయన కాళ్ల వంక చూశాడు. సారు చెప్పులు విడిచాడు. మెరక మట్టి ఎండకు కాలి ఉంది, పాదాలు మార్చి మార్చి వేశాడు. "అప్పుడు జరిగింది పొరపాటు..." అని సణిగాడు.

"ఎవరి పొరపాటు?" అన్నాడు దూలయ్య. "ఏం పోయింది, ఎవరు తీసిన్రు? పేరు పెట్టి చెప్పాలె దొరా."

యూపీఎస్ కీచులు దగ్గర దగ్గరగా రావడం మొదలైంది.

"మెమరీ కార్డులు తీసింది మా బావమరిది. వనజ తీయలేదు. నాకు తర్వాత తెలిసింది. తెలిసీ చెప్పలేదు. తప్పు నాది." మాటలన్నీ ఒక్క గుక్కలో వచ్చేశాయి.

వనజకు ఒళ్లంతా చల్లబడింది. చెప్పలేనంత సుఖంగా ఉంది. దాచుకోవలసిన అవసరం లేని సుఖం. నింపాదిగా వై నొక్కింది. స్క్రీన్ మీద గళ్లు ఒక్కొక్కటే నిండాయి. చివరి గడి నిండి "పూర్తయింది" అని రాగానే స్విచ్ ఆపేసింది. ఏ చిప్పు ఇంట్లో ఆ చిప్పును పెట్టేసింది. గంట తర్వాత కరెంటు వచ్చింది. చచ్చిన మెషీను ఒక్కసారి బీప్‌మని, తెల్లటి అక్షరాలతో లేచింది. హాజరు పట్టిక తెరిచి చూపించింది. మూడేళ్ల పిల్లల పేర్లు, ఒక్కటీ చెదరలేదు. మురళీకృష్ణ కళ్లు తుడుచుకున్నాడు. వచ్చే ఆదివారం ఊరికి అన్నం పెడతానని తనంతట తనే ఒప్పుకుని, ఎక్కడ ఊరు మనసు మార్చుకుంటుందో అన్నట్టు, మెషీను చుట్టుకోవడానికి జల్దీగా దుప్పటి పరిచాడు.

పెద్దలు లేవబోయారు. అప్పుడు గోడ దగ్గర బొజ్జయ్య లేచాడు. చెప్పులు విడిచి, నడిచి వచ్చి, ఇందాక సారు నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"నీకెందుకయ్యా బొజ్జయ్యా? తప్పు నాదని చెప్పాను కదా" అన్నాడు మురళీకృష్ణ.

"మీ పని అయింది సార్. మీరు పోవచ్చు" అంది వనజ.

బొజ్జయ్య నేలనే చూస్తున్నాడు. పెదాలు కదిలాయి, గొంతు సరిగా లేవలేదు. "నా బిడ్డ దొంగ అని ఈడ్నే నిలబడి చెప్పిన. నా బిడ్డ దొంగ గాదు. సారు వచ్చి చెప్పంగనే నమ్మిన. బిడ్డను ఒక్క మాట అడగలే. తప్పు నాది."

దూలయ్య వనజ వంక చూశాడు. తండ్రి కదా, ఇంక చాలు అంటుందని ఊరంతా ఆమె నోటి వంకే చూసింది. ముసలాయన పాదాలు కాలే మట్టి మీద కదలకుండా ఉన్నాయి. అవి వనజకూ కనబడుతున్నాయి. ఈ మాట కోసం తాను ఎంత ఆకలితో ఉందో కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. ఒక్క ముద్దతో తీరే ఆకలి కాదది.

"గట్టిగ చెప్పు నాయినా" అంది. "వెనక అవ్వకు వినపడలే."

బొజ్జయ్య తలెత్తి బిడ్డ ముఖంలోకి చూశాడు. గొంతు పెంచి, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.