వెలుగుకి వీపు తిప్పిన కాడ

మా చెల్లెలు మా ఇంట్లో అడుగుపెట్టిన రోజునే నా మొక్కకి చావు కబురు చెప్పింది. చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, ఫ్రిజ్ మీదున్న నా ఆర్కిడ్‌ని దించి, కుండీలోంచి మెల్లగా పైకి లాగింది. వేళ్ళు గోధుమరంగులో మెత్తగా వేలాడాయి.

"రోజూ నీళ్ళు పోస్తున్నావా అక్కా?"

"పొయ్యక? పస్తులుంచుతానా?"

"అదే తప్పు. ఇది మట్టిలో బతికే మొక్క కాదు, వేళ్ళకి గాలి ఆడాలి. రోజూ పోస్తే కుళ్ళిపోతాయి. పైగా ఈ మూల చీకటి. ఆకులు ఇంత ముదురు రంగులో ఉన్నాయంటే వెలుగు చాలడం లేదన్నమాట."

నాలుగేళ్ళుగా దాన్ని పెంచుతున్నది నేను. ఒక్క పువ్వూ పూయలేదన్న మాట నిజమే. కానీ ఆ సంగతి నా పదేళ్ళ కూతురి ముందే చెప్పాలా? అది నోరు తెరుచుకుని వాళ్ళ పిన్నినే చూస్తోంది.

చెల్లెలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఈ ఊరికి బదిలీ అయింది, ఇల్లు దొరికేదాకా మాతో ఉంటానంది. నేనే రమ్మన్నాను. సొంత చెల్లెల్ని రావద్దంటే నలుగురూ ఏమనుకుంటారు? తనతోపాటు తన ఆర్కిడ్ కూడా వచ్చింది, లోపలంతా కనబడే ప్లాస్టిక్ కుండీలో. మా ఇంట్లో పొద్దుటి ఎండ పడే కిటికీ ఒక్కటే. దాని కింద నా కుట్టుమిషను. నా దారపు కండెలు పక్కకి జరిపి ఆ కిటికీ గట్టు మీద తన కుండీ పెట్టేసింది.

"లేత ఎండ గంటో రెండు గంటలో చాలు. ఎండ ముదిరాక ఈ పల్చటి తెర లాగెయ్యి అక్కా," అని నాకు పని కూడా అప్పజెప్పింది.

నా కూతుర్ని మేము పిచిక అంటాం. ఒక్కచోట నిలవదు. అలాంటిది పిన్ని పక్కన గంటలు గంటలు కూర్చోవడం మొదలెట్టింది. కుండీలోంచి వేళ్ళు కనబడతాయి కదా, అవి వెండిలా తెల్లబడితే దాహం వేసినట్టు, పచ్చగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టు. ఆదివారం పొద్దున బకెట్‌లో నీళ్ళు పట్టి కుండీని పది నిమిషాలు ముంచాలి, తీసి నీరంతా ఓడ్చాలి, ఆకుల మొదట్లో నిలిచిన చుక్కల్ని గుడ్డ కొసతో అద్దాలి. అక్కడ తడి ఉండిపోతే మొక్క నడినెత్తి కుళ్ళుతుందట. ఈ సేవలన్నీ పిచికే చేసేది. స్నానం చెయ్యవే అని నేను మూడుసార్లు అరిస్తేగానీ కదలని పిల్ల!

కడుపు మండదా? నాకు మండింది. ఇదివరకు బడి నుంచి రాగానే నా మెడ మీద పడేది. ఇప్పుడు నన్ను దాటుకుని కిటికీ దగ్గరికి. పడక కూడా పిన్ని మంచానికి మారింది. మా ఆయన బస్సు డ్రైవరు, ఆయనకి అన్నీ వేళాకోళమే. "పోన్లేవే, నీకు కాళ్ళు చాపుకునే జాగా దొరికింది," అన్నాడు. పక్కన పిల్ల లేకపోతే నాకు నిద్రపట్టదని పన్నెండేళ్ళు కాపురం చేసినా ఆ మనిషికి తెలియలేదు.

నెల తిరిగేసరికి చెల్లెలి మొక్కకి ఆకు సందులోంచి పూలకాడ తొంగిచూసింది. ఇంట్లో ఒకటే హడావుడి. చెల్లెలు కుండీకి కిటికీ వైపున తెల్లటి టేపు ముక్క అంటించింది.

"ఇక దీన్ని కదపకూడదు. నీళ్ళకి తీసినా మళ్ళీ ఈ టేపు కిటికీ వైపే ఉండేలా పెట్టాలి. కాడ వెలుగెటుంటే అటు వంగుతుంది. మాటిమాటికీ తిప్పితే వంకర్లు పోతుంది," అంది. పిచికని దగ్గరికి లాక్కుని, "పూసిందంటే ఈ మొక్క నీదే," అని కూడా అంది.

మర్నాడు అందరూ వెళ్ళాక మిషను ముందు కూర్చుని ఒక ప్యాంటు అంచు కుట్టాను, విప్పాను, మళ్ళీ కుట్టాను. లేచి ఆ కుండీని తిప్పి టేపు ముక్కని గది వైపుకి పెట్టాను. పిచిక వచ్చేలోపు మళ్ళీ ఎప్పట్లా సర్దేశాను. మొక్క చావాలని కాదు. నా కిటికీలో పూసి నా పిల్లని నాకు కాకుండా చెయ్యకూడదు, అంతే. నాలో ఇంత ఓర్వలేనితనం ఉందని నాకే తెలియదు. కానీ ఆ పూట ప్యాంటు అంచు చక్కగా కుదిరింది.

ఆదివారాలు తప్ప రోజూ అదే పని. మూడు వారాలు గడిచాయి.

నాలుగో ఆదివారం చెల్లెలు కుండీ ఎత్తబోయి ఆగింది. కాడ జానెడు పొడుగైంది, బఠాణీ గింజలంత మొగ్గలు ఐదు వేసింది. కానీ అది కిటికీ వైపుకి కాదు, గదిలోకి వంగి ఉంది.

"వెలుగుకి వీపు తిప్పే మొక్క ఎక్కడైనా ఉంటుందా?" అంది. కిటికీ వైపే ఉన్న టేపు ముక్క చూసింది, మళ్ళీ కాడ చూసింది. ల్యాబులో చూసి చూసి ఆ కళ్ళకి ఏదీ దాగదు. "ఎవరో దీన్ని పగలంతా తిప్పి ఉంచి సాయంత్రానికి సర్దేస్తున్నారు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను కత్తెర కోసం వెతకడం మొదలెట్టాను. ఆదివారం నాకు కుట్టుపనే ఉండదు.

"నేనే పిన్నీ," అంది పిచిక.

"నువ్వా? ఎందుకే?"

"ఎటు వంగుతుందో చూద్దామని. బడికెళ్ళేముందు తిప్పి, వచ్చాక సరిగ్గా పెట్టేదాన్ని."

తడుముకోకుండా చెప్పింది. నా వైపు చూడనైనా లేదు. చెల్లెలి మొహం చిన్నబోయింది.

"కదపొద్దని చెప్పానుగా. నిన్ను నమ్మే కదా ఇచ్చాను. సరే, ఇక నువ్వు దీన్ని ముట్టుకోకు," అని బకెట్‌లో నీళ్ళు తనే పట్టి కుండీ ముంచింది.

పిచిక నెమ్మదిగా వచ్చి నా భుజానికి ఆనుకుంది. ఎన్నాళ్ళయిందో! చెయ్యి దాని తల మీద వేశాను. నోరు మూసుకుంటే చాలు, మొక్క చెల్లెలిది, పిల్ల నాది. సిగ్గువిడిచి చెబుతున్నాను, ఆ కాసేపు నాకు హాయిగానే ఉంది. తర్వాత పిల్ల మొహం చూశాను. నన్ను ఆనుకునే ఉంది గానీ కళ్ళు బకెట్ మీద ఉన్నాయి. పది నిమిషాలయిందా అని గడియారం చూస్తోంది, మళ్ళీ బకెట్ చూస్తోంది. చెప్పే ధైర్యం లేక పెదవి కొరుక్కుంటోంది.

"పిచిక కాదు, నేను తిప్పాను," అన్నాను.

చెల్లెలు తిట్టినా బాగుండేది. నన్ను ఓసారి చూసి, మంచం మీద కూర్చుని చేతులు తుడుచుకుంది.

ఏడ్చింది పిచిక. "ఎందుకు చెప్పావమ్మా? నేనని చెప్పేశాను కదా!"

"నీకెలా తెలుసే?"

"మొదటి వారంలోనే చూశాను. టిఫిను డబ్బా మర్చిపోయి వెనక్కొచ్చినప్పుడు."

అంటే ఇన్నాళ్ళూ తెలుసు. తన మొక్కనే నేను పాడుచేస్తున్నానని తెలిసి కూడా దానికి నీళ్ళు పెడుతూ నోరెత్తలేదు.

"నా మీదైతే పిన్నికి కోపం రెండు రోజులే ఉంటుంది," అంది వెక్కుతూ. "నీ మీదైతే వెళ్ళిపోతుంది. అప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోరు."

నా పిల్లని ఎవరో లాక్కుంటున్నారని నేను నిద్ర మానుకున్నాను, అదేమో మమ్మల్నిద్దర్నీ కలిపి ఉంచడానికి అబద్ధం నేర్చుకుంది. దగ్గరికి రమ్మని చేతులు చాపాను. రాలేదు. చెల్లెలు పిలిచింది. అటూ పోలేదు. బకెట్ దగ్గరికెళ్ళి కుండీని పైకి తీసి నీరు ఓడ్చసాగింది.