మేకుల ఫ్యాక్టరీలో పాలాభిషేకం

విదేశీ ఇనుప తీగ మీద సర్కారు పన్ను పెంచిందన్న వార్త రాగానే, ఇబ్రహీంపట్నం శివారులోని మేకుల ఫ్యాక్టరీ ముందు నాయకుడి ఫ్లెక్సీకి పాలాభిషేకం జరిగింది. నిచ్చెనెక్కి పాలు పోసింది మిషన్ నడిపే షోయబ్. పాలు మాత్రం అక్కడే మేకులు ప్యాకింగ్ చేసే యాదమ్మవి. పొద్దున పిండిన బర్రె పాలను, ఇంట్లో చాయ్‌కి కూడా మిగల్చకుండా క్యానుతో తెచ్చింది.

"బయటి సరుకు బంద్! ఇగ మన పోరగాళ్లకు నౌకర్లే నౌకర్లు!" అని వార్డు లీడరు పరమేశ్వర్ గొంతు చించుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తాము మేకులు తయారుచేసేది ఆ బయటి తీగతోనే అన్న చిన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

తట్టింది ఫ్యాక్టరీ సేటు మహిధర్‌కు ఒక్కడికే. నెల తిరక్కుండానే మిషన్లు ఆపేశాడు.

"తీగ మీద పన్నేసిండ్రు, తయారైన మేకుల మీద ఎయ్యలే. నేను జేసే మేకు కన్నా ఓడల దిగే మేకే సస్తా పడ్తది. నన్నేం జెయ్యమంటవ్ షోయబ్?"

దేశీయ పరిశ్రమను కాపాడటమంటే ఏమిటో షోయబ్‌కు అప్పుడు అర్థమైంది. పరిశ్రమ భద్రంగానే ఉంది, తాళం కూడా వేశారు.

ఆదిభట్లలో విమానాల భాగాలు చేస్తారని విని అక్కడికి పోయాడు. మేకులు చేసిన అనుభవం ఉందంటే గేటు దగ్గరే నవ్వి పంపారు. పరమేశ్వర్‌ని అడిగితే, "జర ఓపిక పట్టు తమ్మీ, పాలసీ ఫలితాలు మెల్లగ వస్తయ్" అన్నాడు. ఇంట్లో భార్య ఫిజాకు ఏడో నెల. పాలసీకున్నంత తీరిక ఆ కడుపులోని బిడ్డకు లేదు.

చివరికి మహిధరే కబురు పెట్టాడు. మిషన్లు తుక్కుకు అమ్మేసి, ఆ జాగాలో విదేశీ మేకుల డబ్బాలు పేర్పించాడు. వాచ్‌మన్ కావాలి, ఒక్కడే. షోయబ్ అల్లాకు శుక్రియా చెప్పుకుని యూనిఫాం తొడుక్కున్నాడు. సిగ్గనిపించింది కానీ సంతోషమే ఎక్కువ.

షెడ్డు తెరిచారని విని యాదమ్మ వచ్చింది. టిఫిన్ డబ్బా పట్టుకుని, ఎప్పటిలాగే నేరుగా లోపలికి పోబోయింది. షోయబ్ అడ్డం నిలబడ్డాడు.

"పని లేదక్కా."

"ఏంది తమ్మీ గట్లంటవ్? ఫ్యాక్టరీ తెరిచిండ్రంట గద!"

"మేకులన్నీ ప్యాకింగై వచ్చినయ్. ఎవ్వరినీ లోపలికి పంపొద్దన్నరు."

ఆమె ముఖం చూడలేక షోయబ్ తల దించుకున్నాడు.

"నీకు దొరికిందా పని?"

"అవ్."

"ఏం పని?"

షోయబ్ గేటు మూసి గడియ పెట్టాడు.

"గిదే అక్కా."