బుకిట్ పంజాంగ్‌లో టెక్సాస్ పాట

రెండు వేల సంవత్సరం, మార్చి పదకొండు, శనివారం. మధ్యాహ్నం నేనూ కాలిన్ కలిసి పెరుగన్నంలో నిమ్మకాయ ఊరగాయ నంచుకుని తిన్నాం. కాలిన్ న్యూకాజిల్ నుంచి వచ్చిన ఇంగ్లీషువాడు. సైన్స్ పార్క్‌లో మా ఆఫీసులోనే సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. నా భార్య లీలావతి చనిపోయిన ఏడాదికి, బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్‌లో ఖాళీగా ఉన్న గది అతనికి అద్దెకిచ్చాను. ఇంట్లో ఇంకొకరి దగ్గు వినపడటం కూడా ఎంత ఊరటో అప్పుడే తెలిసింది.

అతను పాటలు రాస్తాడు. పదిహేనేళ్లప్పుడు ఎవరిదో క్యాసెట్‌లో టెక్సాస్ పాటలు విన్నాడట, సగం పల్లెపాట, సగం రాక్. అప్పటినుంచి మరో బాణీ జోలికి పోలేదు. ఆ సాయంత్రం ఏడింటికి ఒక క్లబ్బులో, మొదటిసారి నలుగురి ముందు సొంత పాట పాడాలి. గిటారు మాత్రం ఇంకా పెట్టెలోనే ఉంది.

"వెళ్లను గురూ," అన్నాడు. నా పేరు గురునాథం. అతనికి అంతవరకే నోరు తిరుగుతుంది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. "నిన్న ఆఫీసులో ఆ టెక్సాస్ వాడికి వినిపించాను. 'నువ్వెప్పుడైనా ఆవుని దగ్గర్నుంచి చూశావా నాయనా?' అన్నాడు. అందరూ నవ్వారు."

"చూశావా మరి?"

"రైల్లోంచి."

నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు. "ఇవాళ వెనక్కి తగ్గితే ఇంకెప్పుడూ పాడను. నా సంగతి నాకు తెలుసు."

అంతలో పక్క ఫ్లాట్ ఉమ వచ్చింది. పదకొండేళ్ల తమిళమ్మాయి. లీలావతి దగ్గర సంగీతం నేర్చుకుంది. ఇప్పటికీ ప్రతి శనివారం వచ్చి, ఆమె శ్రుతిపెట్టె దగ్గర కూర్చుని సాధన చేసుకుని పోతుంది. నేను రమ్మనలేదు, తను మానలేదు.

ఉమ ఒక తెలుగు కీర్తన పాడింది. కాలిన్ అంతా విన్నాడు.

"ఇది మీ భాషేనా?"

"నో లా!" అంది, ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో. "గురునాథం అంకుల్ వాళ్లది."

"అర్థమవుతుందా?"

"కొంచెం. ఆంటీ చెప్పినంత." గిటారు పెట్టెవైపు చూసింది. "మీరు పాడేటప్పుడు ఎందుకు వేరే మనిషిలా పాడతారు అంకుల్? మా గదిలోకి వినిపిస్తుంది."

కాలిన్ ముఖం ఎర్రబడింది. "టెక్సాస్‌లో అలాగే పాడతారు."

"నేనూ ఆంటీలాగే పాడేదాన్ని, కొంచెం ముక్కుతో. ఆంటీ తిట్టింది. 'పాట తీసుకో, నా గొంతు నాకొదిలెయ్యవే' అంది."

ఆ చివరి మాట ఉమ తెలుగులోనే అంది, లీలావతి విసుగుతో సహా. ఆమె పోయి రెండేళ్లయింది. నేనెన్నడూ వినని ఆమె మాట ఒకటి అలా మా ఇంట్లోనే దొరికింది. మంచినీళ్ల కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్లాను. కాలిన్‌కి అర్థం ఉమే చెప్పింది.

తిరిగి వచ్చేసరికి గిటారు అతని ఒళ్లో ఉంది. అదే పాట, అదే టెక్సాస్ వాయింపు, గొంతు మాత్రం ఆఫీసులో టీ తాగుతూ మాట్లాడే కాలిన్‌ది. పాటలో ఉన్న పొడవాటి దారి ఎడారిలోదని ఇన్నాళ్లూ అనుకున్నాను.

"మా నాన్న బొగ్గు లారీ తోలిన దారి," అన్నాడు. ఆరింటికి లేచి బయలుదేరాడు.

తొమ్మిది దాటాక వచ్చాడు. నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను.

"ఆ టెక్సాస్ వాడు వచ్చాడా?"

"వచ్చాడు. మళ్లీ ఆవు సంగతే ఎత్తాడు."

"పాడావా?"

"రెండు. రెండోదానికి అతనే బల్లమీద తాళం వేశాడు." బూట్లు విప్పుతూ నవ్వాడు. "అంతా తప్పు తాళమే గురూ."

పక్కింట్లో పిల్ల పడుకుని ఉంటుందని, గదిలోకి వెళ్లి తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాడు.